సీటు రాని పిల్లల ఇంటికి ఎవరు పోతారు?



పోస్టు కొంచెం పెద్దది. ఓపిక చేసుకుని చదవండి. నచ్చకపోతే కామెంట్లో తిట్టండి, కానీ మొత్తం చదివి తిట్టండి.

జూన్ వచ్చిందంటే మన గ్రూపు నిండా శాలువాలే. ఐఐటీ సీటు కొట్టిన తమ్ముడు, ఎన్‌ఐటీ సీటు తెచ్చుకున్న చెల్లె, పక్కన సంఘం నాయకులు, వెనక ఫ్లెక్సీ, కింద వందల లైకులు. సంతోషమే. వాళ్ల కష్టం చిన్నది కాదు. ఆ శాలువాకు ఎవరూ అడ్డం రావొద్దు.

కానీ అదే గూడెంలో, అదే తండాలో, అదే గురుకులంలో అదే బెంచీ మీద కూర్చుని చదివి సీటు రాని పిల్లలు ఉన్నారు. ఫ్లెక్సీ కట్టిన రోజు వాళ్లు ఇంట్లో నుంచి బయటికి రారు. వాళ్ల నాన్న ఆ దారిలో పోవాల్సి వస్తే చుట్టు తిరిగి పోతాడు. వాళ్ల అమ్మను బోరింగు దగ్గర నలుగురూ అడుగుతారు, "ఏమైందే మీ పోరనికి, రాలేదంట?" అని. ఆ ఇంటికి మన సంఘాల నుంచి ఒక్కరైనా పోతున్నారా? ఏ జిల్లాలోనైనా, ఏ సంఘమైనా, సీటు రాని పిల్లల లిస్టు రాసుకుందా?

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. సీటు రాని రోజు మన తల్లిదండ్రులకు కావలసింది ఓదార్పు కన్నా ముందు, పక్కన కూర్చుని లెక్క విప్పి చెప్పే మనిషి. ఏం పోయింది, ఎందుకు పోయింది, ఇంకా ఏం మిగిలింది, ఏ తారీఖు లోపల ఏం చేయాలి అని చెప్పే మనిషి. ఆ మనిషి ఊళ్లో లేకనే మన ఇళ్లల్లో ఒక ర్యాంకు పోతే ఒక బతుకు పోయినంత పని అవుతోంది.

ముందు లెక్క చూద్దాం.

జేఈఈ మెయిన్ రాసిన వాళ్లలో దేశం మొత్తం మీద రెండున్నర లక్షల మందిని అడ్వాన్స్‌డ్‌కు పంపుతారు. అందులో ఎస్టీల వాటా ఏడున్నర శాతం. అంటే 18,750 మంది. 2024లో 23 ఐఐటీలు కలిపి ఇచ్చిన సీట్లు 17,740. అందులో ఏడున్నర శాతం వేసుకుంటే సుమారు 1,330. అంటే అడ్వాన్స్‌డ్ దాకా చేరిన ఎస్టీ పిల్లల్లో కూడా పద్నాలుగు మందికి ఒక్క సీటు.

ఇప్పుడు చెప్పండి. మిగతా పదమూడు మంది సోమరులా? పదమూడు మందికీ బుర్ర లేదా? వాళ్లందరూ చెట్టెక్కి చదివినా, రాత్రుళ్లు మేల్కొని చదివినా, సీట్లు 1,330 దగ్గరే ఉంటాయి. ఒకరు ఎక్కితే ఒకరు దిగాల్సిందే. ఈ ముక్క ఏ తండ్రికైనా ఎవరైనా చెప్పారా? కాలేజీలో చేర్చేటప్పుడు "మీ వాడు షార్ప్, సీటు గ్యారంటీ" అన్నారు. లిస్టు వచ్చాక "మీ వాడు సీరియస్‌గా చదవలేదు" అన్నారు. రెండు మాటలూ ఆ తండ్రి నమ్మాడు. ఎందుకంటే సార్లు చెప్పారు. సార్ల మాట కాదనడానికి ఆయన దగ్గర వేరే లెక్క లేదు.

ఇక సలహాల సంగతి. రిజల్ట్స్ వచ్చే వారం పేపర్లలో, యూట్యూబ్‌లో తల్లిదండ్రులకు సలహాలు మొదలవుతాయి. పిల్లల్ని వేరే వాళ్లతో పోల్చకండి, మనసు విప్పి మాట్లాడండి, నాలుగు రోజులు ఎక్కడికైనా తీసుకెళ్లండి, రెండో దారి ముందే ఆలోచించి పెట్టుకోండి అని. మంచి మాటలే. కానీ అవి ఎవరి ఇంటికి రాసినవి? పిల్లాడు పుట్టినప్పటి నుంచి కళ్ల ముందు పెరిగిన ఇంటికి రాసినవి. తండ్రికి బీటెక్ అంటే ఏందో తెలిసిన ఇంటికి రాసినవి.

మన ఇల్లు అట్లా లేదు. మన పిల్లల్లో చాలామంది ఆరేళ్లకో ఏడేళ్లకో ఆశ్రమ పాఠశాలకు పోతారు. అక్కడి నుంచి గురుకులం, అక్కడి నుంచి ఇంటర్‌కు ఇంకో ఊరు. పదేళ్లు హాస్టలే ఇల్లు. దసరాకు, సంక్రాంతికి, ఎండాకాలానికి వచ్చిపోయే చుట్టంలా పెరిగిన పిల్ల, పద్దెనిమిదో ఏట సీటు రాలేదన్న మాట పట్టుకుని ఇంటికి వస్తుంది. ఆ పిల్లకు తన బాధ గోండిలోనో, కోయలోనో, సవరలోనో, గోర్ బోలిలోనో చెప్పడానికి మాటలు చాలవు. పర్సెంటైల్, కటాఫ్, రౌండ్, ఫ్లోట్, ఫ్రీజ్... వీటిని అమ్మ భాషలోకి ఎట్లా తెస్తుంది? అమ్మకు తన బాధ బిడ్డ చదివిన తెలుగులో చెప్పడం రాదు. ఇద్దరూ ఒకే గుడిసెలో కూర్చుని ఇద్దరూ మౌనంగా ఉంటారు. దానికి "మనసు విప్పి మాట్లాడండి" అని సలహా ఇస్తే ఏం మాట్లాడాలి?

ఆ మౌనం చూసి బయటోళ్లు ఇంకో మాట అంటారు. "గిరిజన తల్లిదండ్రులకు చదువు మీద పట్టింపు లేదండీ." ఈ మాట నేను మీటింగుల్లో విన్నాను, మీరూ వినే ఉంటారు. ఆరేళ్ల పిల్లను చదువు కోసం పరాయి చోట వదిలి, వెనక్కి చూడకుండా బస్సెక్కిన అమ్మకు పట్టింపు లేదా? పట్నంలో ఎంతమంది ఆ పని చేయగలరు? తునికాకు కట్టలు కట్టి, ఉపాధి పనికి పోయి, పోడులో పత్తి ఏరి పండుగకు బట్టలు పంపిన నాన్నకు పట్టింపు లేదా? ఆయన మాట్లాడకపోవడం పట్టింపు లేక కాదు. ఏం అడగాలో తెలియక.

ఇంకోటి కూడా చూడండి. సీట్ల కౌన్సెలింగ్ జూన్, జూలైల్లో జరుగుతుంది. మృగశిర కార్తె పోయి దుక్కులు, విత్తనాలు మొదలయ్యే టైం. చేతిలో ఉన్న ప్రతి రూపాయి విత్తనాలకు, ఎరువుకు పోయే నెలలోనే ఫీజు కట్టమంటారు. నెట్‌వర్క్ కోసం గుట్ట ఎక్కాల్సిన ఊళ్లో వెబ్ ఆప్షన్లు పెట్టమంటారు. గడువు రెండు మూడు రోజులు. బాధపడటానికి కూడా తీరిక లేని టైం అది.

ఈ చీకట్లో మన తల్లిదండ్రులు ఏం చేస్తున్నారు? నేను చూసినంతలో మూడు పనులు. మూడూ ప్రేమతో చేస్తున్నవే, మూడూ బిడ్డను ముంచుతున్నవే.

మొదటిది, ఆడపిల్ల అయితే పెళ్లి. "చదువు అయిపోయింది కదా" అంటారు. అయిపోలేదు, ఒక పరీక్ష పోయింది, అంతే. కానీ వాళ్లకు తెలిసిన లెక్కలో ఇంటర్ తర్వాత ఐఐటీ లేదా డాక్టరు, అది రాకపోతే సంబంధం. మధ్యలో ఉన్న వంద దారులు వాళ్లకు ఎవరూ చూపించలేదు. మన పోస్టుల్లోనూ ఆ రెండే కనబడతాయి.

రెండోది, అప్పు. లాంగ్ టర్మ్ కోచింగ్‌కో, ఊరూ పేరూ లేని ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటుకో అప్పు చేయడం. ఏజెంట్లు మన ఊళ్లకు కార్లేసుకుని వస్తున్నారు. మన సంఘం రాని ఇంటికి ఏజెంటు వస్తున్నాడు, అది గుర్తుపెట్టుకోండి. 1/70 చట్టం ఉంది కాబట్టి ఏజెన్సీలో భూమి గిరిజనేతరుడికి రాసియ్యలేం. కానీ పంట ముందే రాసిచ్చి అప్పు తేవొచ్చు, ఎద్దుల్ని అమ్మొచ్చు, పుస్తెలు తాకట్టు పెట్టొచ్చు. పరువు కోసం పెట్టిన ఆ అప్పు చూసి ఆ పిల్లాడు రెండో ఏడు ఇంకెంత భయంతో చదువుతాడో ఆలోచించండి.

మూడోది, ఏమీ అనకుండా పనికి పంపడం. మిరపకాయ ఏరడానికో, హైదరాబాద్‌లో కన్‌స్ట్రక్షన్‌కో. "ఒక ఏడాది చేసి మళ్లీ చూద్దాం బిడ్డా" అంటారు. ఆ ఏడాది ఎప్పటికీ అయిపోదు.

ఈ మూడింటికీ వాళ్లను తిడితే లాభం లేదు. లెక్క చెప్పే మనిషి లేని చోట పెద్దోళ్లు తమకు తెలిసిన పనే చేస్తారు. తెలిసిన మనం, చదువుకున్న మనం, వాట్సాప్‌లో ఉన్న మనం ఏం చేస్తున్నామన్నదే అసలు ప్రశ్న.

ఇప్పుడు రెండు అబద్ధాల గురించి. ఈ రెండూ మన పిల్లల చెవుల్లో గట్టిగా మోగుతున్నాయి.

ఒకటి బయటోళ్లు చెప్పే అబద్ధం. "రిజర్వేషన్ ఉన్నా రాలేదంటే ఇంకేం మెరిట్?" అని. 2024లో అడ్వాన్స్‌డ్‌కు ఎస్టీ కటాఫ్ 46.69 పర్సెంటైల్. ఆ నంబరు పట్టుకుని నవ్వుతారు. ఆ నంబరు వెనక ఏముందో చూడరు. జేఈఈ మెయిన్‌ను 2021 నుంచి తెలుగులో కూడా రాయనిస్తున్నారు. అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. తెలుగు మీడియంలో, అది కూడా రెండో భాషగా నేర్చుకున్న తెలుగులో ఫిజిక్స్ చదివిన పిల్ల, మూడో భాషలో ఆరు గంటలు పరీక్ష రాయాలి. లెక్కల సారు డెప్యుటేషన్ మీద వేరే చోటికి పోతే ఏడాదంతా సారే లేని బడులు మనకు కొత్తా? ఎక్కడి నుంచి పరుగు మొదలుపెట్టాడో చూడకుండా ఎక్కడ ఆగాడో మాత్రమే కొలిస్తే అది కొలతేనా? మన దగ్గరే ట్రిపుల్ ఐటీల అడ్మిషన్లలో ప్రభుత్వ బడుల పిల్లలకు అదనపు పాయింట్లు కలిపే పద్ధతి పెట్టారు. అంటే మొదలైన చోటును లెక్కలోకి తీసుకోవచ్చని ప్రభుత్వానికీ తెలుసు.

ఇంకో విషయం. 2014 విభజన చట్టంలోనే తెలంగాణకు, ఆంధ్రప్రదేశ్‌కు చెరొక గిరిజన విశ్వవిద్యాలయం రాసిపెట్టారు. ఆంధ్రప్రదేశ్‌ది 2019లో మొదలైంది. ములుగులో సమ్మక్క సారక్క పేరు మీద పెట్టేదానికి పార్లమెంటులో బిల్లు పాసయింది 2023 డిసెంబరులో. తొమ్మిదేళ్లు. ఆ తొమ్మిదేళ్లలో ఎన్ని బ్యాచ్‌ల పిల్లలు ఇంటర్ పాసై పోయారు? వాళ్లను గడువు దాటింది అంటూ వెనక్కి పంపే వ్యవస్థ, తన గడువు తొమ్మిదేళ్లు దాటినా సిగ్గుపడలేదు.

రెండోది మనోళ్లు చెప్పే అబద్ధం. "అంతా కుట్ర, మనల్ని రానివ్వరు" అని మైకు పట్టుకుని చెప్పి, కారెక్కి పోవడం. అన్యాయం ఉంది, పైన చెప్పినంతా అన్యాయమే. కానీ కుట్ర అని ఒక్క మాటలో తేల్చేస్తే పని తప్పించుకున్నట్టే. ఎందుకంటే మన పిల్లల సీట్లు ర్యాంకు రాక మాత్రమే పోవట్లేదు. ర్యాంకు వచ్చి కూడా పోతున్నాయి. జోసాకు కావలసింది కేంద్ర ప్రభుత్వ ఫార్మాట్‌లో ఉన్న కుల ధ్రువపత్రం. చాలామంది రాష్ట్ర ఫార్మాట్‌లో ఉన్నది పట్టుకుని ధైర్యంగా ఉంటారు. వెరిఫికేషన్‌లో ఆగాక ఆఫీసుకు పరుగు, అక్కడ సారు సెలవు, గడువు ఖతం. ఇది ర్యాంకు సంగతి కాదు. మే నెలలో ఒక అన్న వచ్చి "తమ్మీ, నీ సర్టిఫికెట్ చూపించు" అని ఉంటే ఆగిపోయేది.

ఫీజు సంగతీ అంతే. 2021లో డబ్బు కట్టే దగ్గర ఇబ్బంది వచ్చి ఐఐటీ బాంబే సీటు పోగొట్టుకున్న దళిత విద్యార్థికి సీటు ఇమ్మని సుప్రీంకోర్టు చెప్పింది. 2024 సెప్టెంబరులో ఉత్తరప్రదేశ్‌కు చెందిన రోజుకూలీ కొడుకు, 17,500 రూపాయలు టైంలోపల కట్టలేక ఐఐటీ ధన్‌బాద్ సీటు పోతే, కోర్టుల చుట్టూ తిరిగి సుప్రీంకోర్టు దాకా పోయాడు. 142వ అధికరణం కింద కోర్టు సీటు ఇప్పించింది. అదే ఏడాది మన తెలంగాణలో ఐఐటీ సీటు వచ్చిన గిరిజన అమ్మాయి ఫీజుకు డబ్బు లేక మేకలు కాస్తోందని పేపర్లో వచ్చాకే ప్రభుత్వం కదిలి సాయం చేసింది. బాగుంది. మరి కోర్టు దాకా పోలేని వాళ్ల సంగతి? పేపర్లో రాని వాళ్ల సంగతి? వాళ్ల ఇళ్లల్లో దాన్ని కూడా "మా వాడికి సీటు రాలేదు" అనే చెప్పుకుంటారు. రాకపోవడం వేరు, వచ్చింది చేజారడం వేరు. ఆ తేడా ఆ తల్లిదండ్రులకు తెలియాలి. తెలిస్తే బిడ్డను చూసే చూపు మారుతుంది.

సరే, ఏం మిగిలిందో చెప్పు అంటారు. చెప్తా. రాసుకోండి.

ఐఐటీ రెగ్యులర్ కటాఫ్ అందని ఎస్టీ పిల్లలకు ప్రిపరేటరీ కోర్సు ఉంది. రెగ్యులర్ కోటాలో సీట్లు మిగిలితే ఈ లిస్టు నుంచి తీసుకుంటారు. ఒక ఏడాది ఐఐటీలోనే చదివి పాసైతే, మళ్లీ జేఈఈ రాయకుండానే మరుసటి ఏడు బీటెక్‌లో కూర్చోవచ్చు. ప్రిపరేటరీ ర్యాంకు వచ్చిన పిల్లల్లో కొందరు దాన్ని ఫెయిల్ అనుకుని ఆప్షన్లే పెట్టట్లేదు.

ఐఐటీలు, ఎన్‌ఐటీల్లో ఎస్టీ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. హాస్టలు, మెస్ ఖర్చు ఉంటుంది కానీ, లక్షలకు లక్షలు అని భయపడి వదులుకోవద్దు.

జోసా రౌండ్లు అయిపోయాక ఎన్‌ఐటీ, ట్రిపుల్ ఐటీల ఖాళీ సీట్లకు సీశాబ్ స్పెషల్ రౌండ్లు జరుగుతాయి. వరంగల్ ఎన్‌ఐటీలో సగం సీట్లు సొంత రాష్ట్రం పిల్లలకే.

అడ్వాన్స్‌డ్ వరుసగా రెండేళ్లు రాయొచ్చు. మొదటిసారి పోతే ఇంకొక్కసారి ఉంది. కానీ ఆ ఏడాది ఎక్కడ ఉండి చదువుతాడు, ఎవరు అన్నం పెడతారు, ఎంత ఖర్చు అని ముందే కూర్చుని లెక్క వేసుకోవాలి. అప్పు చేసి గుడ్డిగా దూకొద్దు.

రాష్ట్ర ఎప్‌సెట్ కౌన్సెలింగ్ ఉంది. తెలంగాణలో 2022 నుంచి ఎస్టీ రిజర్వేషన్ 10 శాతం. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. అది ఆలస్యమై కాలేజీలు సర్టిఫికెట్లు ఆపే బాధ కూడా ఉంది, అది మన సంఘాలు కొట్లాడాల్సిన పని. సీయూఈటీ రాసి కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు పోవచ్చు. ములుగు, విజయనగరం మన పేరు మీద పెట్టినవే. డిగ్రీ చదివి, జామ్ రాసి ఐఐటీలో ఎమ్మెస్సీకి పోయే దారి కూడా ఉంది. పద్దెనిమిదో ఏట మూసిన తలుపు ఇరవై ఒకటో ఏట ఇంకో పక్క నుంచి తెరుస్తారు.

ఇంకో నిజం కూడా చెప్పాలి. పేరున్న కాలేజీలో సీటు వచ్చిందంటే కథ సుఖాంతం అని మనం పిల్లలకు నూరిపోస్తున్నాం. 2023 డిసెంబరులో కేంద్రం లోక్‌సభలో చెప్పిన లెక్క ప్రకారం, ఐదేళ్లలో కేంద్రీయ విశ్వవిద్యాలయాల నుంచి 2,622 మంది, ఐఐటీల నుంచి 408 మంది ఎస్టీ విద్యార్థులు మధ్యలో బయటికి వచ్చారు. వాళ్లందరికీ మనం శాలువాలు కప్పే ఉంటాం. వాళ్లు తిరిగి వచ్చిన రోజు ఎవరు ఎదురెళ్లారు? సీటు రాని ఇంటికి పోని సంఘం, సీటు వదిలి వచ్చిన పిల్లాడి ఇంటికి కూడా పోదు.

ఇక తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తర్వాత బయటపడింది ఏంటంటే ఫలితాల్లోనే తప్పులున్నాయని. తెలుగులో 99 రావాల్సిన అమ్మాయికి సున్నా వేశారు. మెమో మీద వేసింది మనుషులే, మనుషులు తప్పులు చేస్తారు, మెమోను మళ్లీ దిద్దొచ్చు. దిద్దలేనిది ఏంటో మీకు తెలుసు. మనసు బాగోలేకపోతే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్, ప్రభుత్వానిదే, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. అక్కడ చెప్పబుద్ధి కాకపోతే ఈ గ్రూపులో ఎవరికైనా మెసేజ్ పెట్టండి. "హాయ్" అని పెట్టినా చాలు.

కొందరు అడుగుతారని తెలుసు. "గెలిచినోళ్లను మెచ్చుకోవద్దా?" మెచ్చుకోండి. కానీ ఒక సభకు పెట్టే టెంటు, ఫ్లెక్సీ, మైకు ఖర్చులో సగం తీసి చూడండి, ఇద్దరు పిల్లలకు టైంలోపల ఫీజు కట్టొచ్చు. శాలువా కప్పించుకున్న తమ్ముడినే పట్టుకుని, "నీ బ్యాచ్‌లో రాని ఐదుగురి ఇళ్లకు నాతో రా" అని అడగండి. వాడు వచ్చి ఆ ఇంట్లో చాప మీద కూర్చుంటే ఆ అమ్మకు కలిగే ధైర్యం మన ఉపన్యాసంతో రాదు.

"పెద్ద కాలేజీల మీద ఆశ వదులుకోమంటున్నావా అన్నా?" అస్సలు కాదు. ఆ సీట్లు మనవి, రాజ్యాంగం ఇచ్చినవి, ఒక్కటి కూడా ఖాళీగా వదలొద్దు. అడ్వాన్స్‌డ్ పేపరు తెలుగులో పెట్టమని అడుగుదాం. ప్రతి ఐటీడీఏలో మే నుంచి ఆగస్టు దాకా అడ్మిషన్ల డెస్కు పెట్టమని అడుగుదాం. సర్టిఫికెట్లు ఊళ్లకే వచ్చి ఇమ్మని అడుగుదాం. సీటు ఫీజు టైంలోపల కట్టి తర్వాత సర్దుకునే నిధి పెట్టమని అడుగుదాం. కానీ ఇవన్నీ వచ్చేదాకా ఈ ఏడాది పిల్లలు ఆగరు కదా.

"మాకు ఉద్యోగాలు, పరీక్షలు ఉన్నాయి, టైం ఎక్కడ?" అని ఇంకొందరు అంటారు. ఒక ఇంటికి రెండు గంటలు చాలు. మొదటి అరగంట ఏమీ మాట్లాడకండి, చాయ్ తాగండి. తర్వాత పిల్లను, అమ్మను, నాన్నను ఒక్కచోట కూర్చోబెట్టండి. మన భాషలో మాట్లాడండి. పద్నాలుగు మందికి ఒక్క సీటు అన్న లెక్క చింతగింజలు పెట్టి చూపించండి. పద్నాలుగు గింజలు పెట్టి ఒకటి పక్కకు తీస్తే చదువు రాని అవ్వకు కూడా అర్థమవుతుంది. ఆ తర్వాత కాగితం మీద మూడే రాయండి. మిగిలిన దారులు, వాటి తారీఖులు, కావలసిన కాగితాలు. గోడకు అంటించి రండి. వారం తర్వాత ఫోన్ చేయండి. ఆడపిల్ల ఇల్లయితే ఒక అక్కను తప్పకుండా వెంట తీసుకుపోండి. పెళ్లి మాట నడుస్తుంటే అక్క అడిగితే చెప్తారు, మనం అడిగితే చెప్పరు.

కాబట్టి ఈ ఏడాది పని ఇది. మండలానికి ఇద్దరు, వీలైతే ఒక అన్న, ఒక అక్క. మే నెలలో సర్టిఫికెట్ల చెకింగ్. జూన్, జూలైలో ఇళ్లకు పోవడం. ఆగస్టులో ఎవరు ఎక్కడ చేరారు, ఎవరు ఎక్కడా చేరలేదు అన్న లిస్టు. ఆ లిస్టును ఫోటోలు లేకుండా, పిల్లల పేర్లు బయట పెట్టకుండా మన దగ్గరే ఉంచుకుందాం. సెప్టెంబరులో సభ పెడితే, చేరిన వాళ్లందరినీ పిలుద్దాం. ఐఐటీలో చేరినోడిని, ఐటీఐలో చేరినోడిని ఒకే బెంచీ మీద కూర్చోబెడదాం.

కింద కామెంట్లో మీ మండలం పేరు, ఆదివారాలు వీలవుతుందా లేదా రాయండి. "సూపర్ అన్నా", "జై ఆదివాసీ" అని రాసి వదిలేయొద్దు, మండలం పేరు రాయండి. ఇప్పటిదాకా ఎవరూ లేని మండలాలు ఏవో ఆదివారం రాత్రికి చూసి మళ్లీ పోస్టు పెడతా.